కిటికీలు మూసుకున్న ఉస్తాద్

మొన్న మా మనవరాలు గోళ్లకు రంగు వేసుకుంటూ సీసా మూత తీసి నా పక్కన పెట్టింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే లేచి గదిలోని రెండు కిటికీలూ బార్లా తెరిచాను. దగ్గొస్తోందా అమ్మమ్మా అని అడిగింది పిల్ల. నాకేం దగ్గు రాలేదు. దగ్గే మనిషి ఒకాయన గుర్తొచ్చాడు, అంతే. ఈ వయసులో పోయినవాళ్లు ఏ దారిన ఇంట్లోకి వస్తారో చెప్పలేం.

యాభైల నడుమ, వికారాబాద్ గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిన కొత్త. మాది ధారూర్ పక్కన పల్లె. మగవాళ్ల వార్డులో చివరి మంచం ఆయనది. రోగులూ, వంటవాళ్లూ, పెద్ద డాక్టరు గారూ అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు. అసలు పేరు మంచానికి వేలాడే అట్ట మీద ఉండేది. రోజూ చూసేదాన్ని. ఇప్పుడు ఎంత తడుముకున్నా నోటికి ఉస్తాద్ అనే వస్తుంది.

నిజాం కాలంలో బేగంపేటలో కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పిన మనిషి ఆయన. మామూలుగా నడపడం కాదు, గాలిలో పల్టీలు కొట్టించడం. మాట్లాడుతుంటే కుడి అరచేయి విమానం అయిపోయేది. అది మంచం పట్టె మీంచి లేచి, మందుల బల్ల మీదుగా పైకెక్కి, వెల్లకిలా తిరిగి, మళ్లీ మోకాలి మీద దిగేది. పక్క మంచాలవాళ్లు పథ్యపు జావ మరిచిపోయి ఆ చేయి వంకే చూసేవారు. నేను జావ చల్లారుతోందని కేకలేస్తే, "జర ఆగు బిడ్డా, దిగనియ్యి" అనేవాడు.

పొద్దున లేవగానే ముక్కు, రెండు చెవులు, మోచేతులు, మోకాళ్లు వరసగా ముట్టుకుని చూసుకునేవాడు. విమానం ఎక్కేముందు ప్రతి భాగం తట్టి చూసుకోవడం అలవాటట. అన్నీ ఉన్నాయని తేలాకే మంచం దిగేవాడు. తన ఎక్సరే ఫిల్మును ఆకాశానికి ఎత్తిపట్టి, ఫలానా మబ్బు పోయింది, ఫలానా మబ్బు ఇంకా ఉంది అని వాతావరణం చెప్పేవాడు. ఆ ఏడు ఎండాకాలానికి నిజంగానే మబ్బులు విడిపోతున్నాయి. సూదులు పనిచేశాయి. ఊపిరితిత్తిలో చిల్లు పూడుతోందనీ, చలికాలానికి ఇంటికి పంపొచ్చనీ పెద్ద డాక్టరు గారు అన్నారు.

ఆ రోజుల్లో సగం వైద్యం మందులది, సగం గాలిది. వార్డు కిటికీలు రాత్రీ పగలూ తెరిచే ఉండాలి. వాన జల్లు కొట్టినా, చలికి పళ్లు టకటకలాడినా ఎర్ర దుప్పట్లు కప్పుకుని గాలి పీల్చాల్సిందే. కిటికీ మూసినవాడికి పెద్ద డాక్టరు గారి చేతిలో మూడినట్టే. ఉస్తాద్ ఈ నియమాన్ని అందరికంటే ఎక్కువ పాటించేవాడు. గాలి మీద బతికినవాణ్ని, గాలితోనే బాగవుతా అనేవాడు.

అలాంటి మనిషి కిటికీలు మూసుకోవడం తాండూరు పటేల్ వచ్చాక మొదలైంది.

పటేల్ అంటే బండల గని పటేల్. తాండూరు నాపరాళ్ల గనుల్లో పెద్ద గని ఆయనది. ఆషాఢంలో ఒక గురువారం, పాసింజర్ దిగి టాంగాలో గుట్టెక్కి వచ్చాడు. పొడుగు మనిషి, తెల్ల ధోతి, మెడలో రుమాలు. ఆయన్ని చూడగానే ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. మంచం మీంచి అంత తొందరగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. పటేల్ నమస్కారం పెట్టలేదు. చేతిలో ఉన్న కందుల సంచీని మంచం మీద బోర్లించాడు. విరిగిన టేకు పుల్లలు, చిరిగిన పసుపు గుడ్డ, వంగిన తీగలు, రెండు చిన్న చక్రాలు రాలాయి. ఒకప్పుడు అది మూరెడు పొడుగు బొమ్మ విమానం. కింద ఒక జత రెక్కలు, మీద ఒక జత.

ఆ సంగతి వార్డంతా ఎరుగుదురు. పటేల్ ఒక్కగానొక్క కొడుకు ఉస్తాద్ దగ్గర శిష్యుడు. పోలీసు యాక్షన్ అయిన కొన్నాళ్లకు, దసరా పండక్కి, ఉస్తాద్‌ను అడిగి బతిమాలి, బేగంపేటలో తాము నడిపే అసలు పసుపు విమానం తీసుకుని తాండూరు వెళ్లాడు. గని మీద జనం అందరూ చూస్తుండగా ఒక పల్టీ కొట్టాడు. రెండో పల్టీకి ఎత్తు చాలలేదు. బండల మీద పడ్డాడు. ఈ బొమ్మ, ఆ విమానాన్ని చూసి శిష్యుడూ గురువూ కలిసి అంతకుముందు ఏడు చేసుకున్నది. కొడుకు పోయిన రోజు తండ్రే దాన్ని వాకిట్లో బండకేసి కొట్టాడు. విచారణ జరిగింది. కుర్రవాడికి సరిగ్గా నేర్పకుండా ఒంటరిగా పంపింది ఉస్తాదేనని పటేల్ చెప్పాడు. ఉస్తాద్ కాదనలేదు. కొలువు పోయింది, ఆ తర్వాత ఈ దగ్గు పట్టుకుంది.

పుల్లల కుప్ప ముందు నిలబడి పటేల్ చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"దసరాకు ఊళ్ల బడిల పెడ్తున్న దీన్ని. నువ్వు జేసినవ్, నువ్వే అతుకు. కింద బండ పెట్టిస్త. పిల్లగాడు ఎవరి వల్ల పోయిండో ఆ బండ మీద చెక్కిస్త. బడి పిల్లలు సదువుకోవాలె."

ఉస్తాద్ తల ఊపాడు. ఉస్తాద్ మీద నింద వేసే బండకు ఉస్తాద్ చేతే పందిరి కట్టిస్తున్నాడని అర్థమై నాకు ఒళ్లు మండిపోయింది. పటేల్ వెళ్లాక ఆ మాటే అన్నాను. ఈ పని చేయొద్దు, ఆ పుల్లలు పొయ్యిలో పెట్టేస్తా అన్నాను. ఆయన చక్రం ఒకటి చేతిలోకి తీసుకుని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు.

"మీదికి పోవుడు ఎవ్వడైన నేర్పుతడు బిడ్డా. ఇగ చాలనుకునుడు నేర్పాలె. ఆ పోరనికి నేను అది నేర్పలే. ఏం చెక్కిస్తె ఏంది?"

నిజంగానే ఆయనకు అంతే అనిపించిందో, నా నోరు మూయించడానికి అన్నాడో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

కర్రపనికి పెద్ద డాక్టరు గారు ఒప్పుకున్నారు. వరండాలో కూర్చుని గంటో రెండు గంటలో చేసుకోవచ్చు, చేతికి పని ఉంటే మనసు బాగుంటుంది అన్నారు. శ్రావణం అంతా ఉస్తాద్ పుల్లలు చెక్కాడు. విరిగినవాటిలో పనికొచ్చే ముక్క గోరంత ఉన్నా పారేయలేదు. పాత ముక్కకు కొత్త ముక్క ఏటవాలుగా అతికి, దారం చుట్టి, సరేసు జిగురు పూసి ఆరబెట్టేవాడు. ఆరాక మూడుసార్లు లాగి చూసి, తట్టి, "జా బేటా" అనేవాడు. అతుకు కనపడకుండా చేయొచ్చుగా అని ఒక రోగి అడిగితే, దెబ్బ తగిలిన చోటు దాచిపెడితే ఆ చోటే మళ్లీ విరుగుతుందన్నాడు.

గురువారం గురువారం పటేల్ వచ్చేవాడు. వరండా మెట్టు మీద కూర్చుని ఆ చేతులనే చూసేవాడు. మాట లేదు, మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు. ఆయన కూర్చున్నంతసేపు వార్డులో దగ్గులు కూడా మెల్లగా వినపడేవి. నాకు ఆయన్ని చూస్తే అసహ్యమూ భయమూ కలగలిసి వచ్చేవి. మనిషి రోజురోజుకీ ఎండిపోతున్నాడు. కళ్లు నిద్ర లేక ఎర్రబారి ఉండేవి. పగ మనిషిని ఇలా తినేస్తుందా అనుకునేదాన్ని.

బొమ్మ అస్థిపంజరం సిద్ధమయ్యాక దానికి గుడ్డ కప్పాలి. సన్నని నూలుగుడ్డ సాగదీసి రెక్కలకు కుట్టి, దాని మీద డోపు అనే మందు పూయాలి. గోళ్ల రంగు వాసనే, కాకపోతే పదింతలు. పూత ఆరేకొద్దీ గుడ్డ బిగిసి డప్పులా మోగుతుంది. మంచిగాలికి ఆరితే నిగనిగలాడుతుంది. తేమ గాలి తగిలిందో, తెల్లగా బూజు పట్టినట్టు పాలిపోతుంది, బిగువు పోతుంది. భాద్రపదంలో మా గుట్ట మీద మబ్బు వార్డులోపలికే వచ్చి కూర్చునేది. తెరిచిన కిటికీల పక్కన ఆయన పూసిన మొదటి రెక్క తెల్లారేసరికి తెల్లబడిపోయింది. దాన్ని చూసి ఆయన మొహమూ అలాగే అయింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మందుల వేళకు మంచం ఖాళీగా ఉంది. వెతుక్కుంటూ వెళ్తే వార్డు వెనక పాత సామాను గది తలుపు మూసి ఉంది. బయట బొగ్గుల కుంపటి ఉంది. తలుపు నెట్టగానే ఘాటు మొహాన కొట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కుంపటితో ముందుగా గదిని వేడి చేసి, మంటకు అంటుకునే సరుకు కాబట్టి కుంపటిని బయట పెట్టేసి, కిటికీ తలుపు సందులన్నిటికీ గుడ్డలు కుక్కి, ఆ వేడి పొడిగాలిలో కూర్చుని ఉస్తాద్ రెక్కలకు పూత పూస్తున్నాడు. విమానాల కొట్టంలో వానాకాలం అలాగే చేసేవారట. కొట్టంలో పనిచేసేవాళ్లకు ఊపిరితిత్తులు బాగుండేవి. ఈయన సగం ఊపిరితో బతుకుతున్నవాడు.

నేను నేరుగా వెళ్లి పెద్ద డాక్టరు గారికి చెప్పాను. ఆయన వచ్చి చీవాట్లు పెట్టి, డోపు సీసా లాక్కుని, గదికి తాళం వేయించారు. ఆ గురువారం పటేల్ రుమాలులో చుట్టి ఇంకో సీసా తెచ్చాడు. వరండాలోనే అడ్డం నిలబడ్డాను. అది ఆయన రొమ్ముకు ఏం చేస్తుందో తెలుసా అని అడిగాను.

"తెల్సు" అన్నాడు పటేల్.

అంతే. కోపం లేదు, జాలి లేదు. ఈయన కొడుకు ప్రాణానికి ప్రాణం తీసుకోవడానికి వస్తున్నాడనీ, కత్తి బదులు సీసా తెచ్చాడనీ ఆ రోజు గట్టిగా నమ్మాను. సీసా లాక్కోబోతుంటే వెనక నుంచి ఉస్తాద్ వచ్చి మెల్లగా నా చేయి తప్పించాడు. తనే తెమ్మన్నానన్నాడు. మిగిలింది ఒక్క పూతే అన్నాడు. ఆ పూత ఎక్కడ వేశాడో నేను చూడలేదు. గుట్ట మీద మూసుకునేందుకు కిటికీలకేం కొదవ లేదు.

మహాలయ పక్షాల నాటికి ఉమ్ము డబ్బాలో ఎర్ర చార కనపడింది. తర్వాత ఎక్సరే తీస్తే, విడిపోయిన మబ్బు మళ్లీ కమ్ముకుంది. ఆయన దాన్ని ఆకాశానికి ఎత్తి చూడలేదు, దిండు కింద పెట్టుకున్నాడు. చలికాలానికి ఇంటికి వెళ్లే మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

బొమ్మ మాత్రం పూర్తయింది. ఎంత బాగుందంటే, నేను తిట్టుకుంటూనే దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. పసుపు రెక్కలు, వాటి నడుమ సన్నని తీగలు. గోటితో మీటితే గుడ్డ డప్పులా మోగేది. పటేల్ వచ్చి, రెండు చేతులతో పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఉస్తాద్ దాన్ని ఎలా వేలాడదీయాలో అరచేత్తో చూపించాడు. చక్రాలు పైకి, వీపు నేలకు, పల్టీలో అన్నిటికంటే పైన, నడి ఆకాశంలో ఉండే ఘడియ. పిల్లగాడు మీద ఉన్నప్పటిదే చూపియ్యి, కిందికొచ్చేది వద్దు అన్నాడు. పటేల్ విన్నాడు. బొమ్మతో మెట్లు దిగాడు.

ఉస్తాద్ మెట్లు దిగే స్థితిలో లేడు. దసరా మర్నాడు బడిలో బండ తెర తీస్తారని తెలిసి, నన్ను వెళ్లి చూసి రమ్మన్నాడు. ఏం చెక్కారో ఉన్నది ఉన్నట్టు చెప్పాలని, మంచిగా మార్చి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేను సెలవు పెట్టి పొద్దుటి పాసింజర్ ఎక్కాను. దారి పొడుగునా ఆ మాటలు ఆయనకు ఎలా చెప్పాలా అని గుబులే.

తాండూరులో జమ్మి ఇచ్చుకోవడాలు ఇంకా సాగుతున్నాయి. ఆకు చేతిలో పెట్టి, బంగారం అని, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటున్నారు. బడి గదిలో పసుపు విమానం చక్రాలు పైకి పెట్టి వేలాడుతోంది. ఉస్తాద్ చూపినట్టే, ఇసుమంత తేడా లేదు. దాని కింద నిలువెత్తు నాపబండకు తెల్లగుడ్డ కప్పి ఉంది. పటేల్ తనే గుడ్డ లాగాడు. కొత్తగా చెక్కిన అక్షరాలు, సందుల్లో ఇంకా రాతిపొడి ఉంది. నేను చివరి నుంచి మెడ సాచి చదివాను.

"నా కొడుకు ఒక పల్టీ కొట్టి దిగిపోతుండగా, ఇంకొకటి కొట్టుమని రుమాలు ఊపినవాడను నేను. నేర్పినవాని తప్పు ఏమియు లేదు. తండ్రి."

గని పనివాళ్లు కొందరు నేల చూపులు చూశారు. ఆ రోజు ఆ రుమాలును చూసినవాళ్లు వాళ్లు. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్ని గురువారాలు నేను పగ అనుకున్నది ఏమిటో తెలిసి మనసు తేలికైపోయింది. పటేల్ కూడా తేలికగానే కనిపించాడు. మొదటిసారి ఆయన మొహంలో చిరునవ్వు చూశాను. కొడుకు పోయినప్పటి నుంచి ఎవరి దగ్గరా జమ్మి తీసుకోని మనిషి, ఆ రోజు ఒక్కొక్కరికీ ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. పొలం గట్టు తగాదాలో మాటలు మానేసిన దాయాదిని కూడా వాటేసుకున్నాడు. గని తాళాలు మొలతాడు నుంచి విప్పి తమ్ముడి చేతిలో పెట్టాడు. నా చేతిలోనూ ఆకు పెట్టి, ఉస్తాద్‌కు ఇయ్యి అన్నాడు.

మధ్యాహ్నం బండికి తిరిగొచ్చి, గుట్టెక్కి, ఆయాసం తీరకముందే ఉస్తాద్ మంచం పక్కన కూలబడి అంతా చెప్పాను. మంచి వార్త తెచ్చిన గొప్ప నాదే అన్నట్టు చెప్పాను. బండ మీది మాటలు రెండుసార్లు ఒప్పజెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. రుమాలు సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. విరిగిన విమానం ఏరుకోవడానికి వెళ్లిన రోజే గని పనివాళ్లు చెప్పారట. మరి విచారణలో ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"చెప్తె నా కొలువు నిలబడుతుండె. ఆయన నిలబడకపోతుండె" అన్నాడు.

తర్వాత నేను అలాయ్ బలాయ్ సంగతి, నవ్వు సంగతి, తాళాల సంగతి చెప్పాను. వింటూ వింటూ ఆయన దిండు మీంచి లేచాడు. తాళాల మాట మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

"ఆయన్ని ఒక్కన్నే ఇడిసిపెట్టి వచ్చినవా బిడ్డా?"

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. అందరి దగ్గరా చివరి సెలవు తీసుకున్న మనిషిని చూసి నేను మురిసిపోయి వచ్చాను. ఉస్తాద్ అప్పటికే కాళ్లు నేల మీద పెట్టాడు. ఆ రోజు ముక్కూ చెవులూ తట్టి చూసుకోలేదు. పటేల్ తమ్ముడికి టెలిగ్రాం, అదే తారు, ఇద్దామన్నాను, నేనే తిరిగి వెళ్తానన్నాను, ఈ చలిగాలిలో వెళ్తే మీరు వెనక్కి రారన్నాను. ఉన్న మాట అది, మొహమాటం లేకుండా అన్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, తారు పక్కన కూసోదు గద బిడ్డా అన్నాడు. పెద్ద డాక్టరు గారు పండక్కి హైదరాబాద్ వెళ్లి ఉన్నారు. ఆపగలిగినవాళ్లు ఎవరూ లేరు. టాంగా పిలిపించి, ఆసుపత్రి ఎర్ర దుప్పటి భుజాల చుట్టూ కప్పి, స్టేషన్‌లో సాయంత్రం బండి ఎక్కించాను. బండి కదిలేటప్పుడు కిటికీలోంచి అరచేయి బయటికి పెట్టాడు. అది ఎగరలేదు, దిగలేదు. సమంగా ముందుకు పోయింది.

ఆ తర్వాత కబుర్లు అడపాదడపా వచ్చాయి. గని అంచున కూర్చున్న పటేల్ పక్కన ఉస్తాద్ కూడా కూర్చుంటున్నాడన్నారు. తాండూరు డాక్టరు వచ్చి సూది వేస్తున్నాడన్నారు. తీసుకురమ్మని మేం పంపిన మనిషిని ఉస్తాద్ వెనక్కి పంపేశాడు. కార్తీకం వెళ్లాక ఒక గురువారం పటేల్ గుట్టెక్కి వచ్చాడు. చేతిలో ఉతికి మడతపెట్టిన ఎర్ర దుప్పటి. దాన్ని చూడగానే నాకు అర్థమైంది. వరండా మెట్టు మీద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగాడు.

"దవాఖానకు పోదాం పా ఉస్తాద్ అంటె, నువ్వు ఇంత తిను, పోదాం అనెటోడు. తింటె, జర పండు, పోదాం అనెటోడు. నాకు నిద్ర యాడిది? పిల్లగాడు పోయిన కాడికెంచి లేదు. నా మంచం కాడ్నె కుర్చీ ఏసుకొని కూసునెటోడు, దగ్గుకుంట. ఆ పొద్దు ఎట్ల పట్టిందో పట్టింది నిద్ర. మొద్దు నిద్ర. లేచి జూస్తె కుర్చీలనే పోయిండు. నేను పండెదాంక ఆగిండు సిస్టరమ్మా."

దుప్పటి నా ఒళ్లో పెట్టాడు. సాయంత్రం బండికి ఇంకా చాలా పొద్దుంది. వార్డులో సూదులు వేయాల్సిన వేళ అయింది, లోపలి నుంచి ఎవరో పిలుస్తున్నారు. ఆయన్ని అక్కడ ఒక్కణ్నే వదిలి లేవడానికి నాకు ధైర్యం చాలలేదు. పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాను.